గుమ్మడికాయ ఒకటే, చేతులే మారాయి

జర్మనీ హెవీ మెటల్ చరిత్ర – 7వ భాగం

హానోవర్‌లో పుట్టిన స్కార్పియన్స్ గురించి గత భాగంలో చెప్పుకున్నాం. అక్కడ ఎవరొచ్చినా, ఎవరు పోయినా రుడాల్ఫ్ షెంకర్ మాత్రం పట్టుకున్న గిటార్ వదల్లేదు. అందుకే ఆ కథ ఒక దారిన నడిచింది. అక్కడికి ఉత్తరాన ఉన్న రేవు పట్టణం హాంబర్గ్‌లో పుట్టిన హెలోవీన్ కథ అంత తిన్నగా సాగదు. తమంతట తాము వెళ్ళిపోయినవాళ్ళు, గెంటేయించుకున్నవాళ్ళు, జబ్బుపడి తప్పుకున్నవాళ్ళు, ఇరవై ఏళ్ళకు పైగా అలిగి కూర్చుని మళ్ళీ అదే వేదిక ఎక్కినవాళ్ళు అందరూ ఇందులో ఉన్నారు. ఇక్కడ మానేసినవాళ్ళు పెట్టిన బృందాలను, ఆ బృందాలు మానేసి ఇక్కడికి వచ్చినవాళ్ళను కలిపి రాసుకుంటే జర్మన్ మెటల్ చుట్టరికాలు సగం తేలిపోతాయి.

అభిమానులు ఈ చరిత్రను గాయకుల పేర్లతో విడగొడతారు. హాన్సెన్ కాలం, కిస్కే కాలం, డేరిస్ కాలం అంటారు. గుర్తుపెట్టుకోవడానికి అది సులువే. కానీ ఈ బృందాన్ని పదే పదే విరగ్గొట్టింది, చివరికి అతికించింది కూడా, ఎవరు పాడాలన్న సమస్య కాదు. ఎవరి పాటలు రికార్డులోకి ఎక్కాలన్న పేచీ. పాట కింద ఎవరి పేరు పడితే రాయల్టీ వాళ్ళకే వస్తుంది. కీర్తి మాట సరే, అద్దె కట్టుకునే డబ్బు కూడా అందులోంచే రావాలి. ఈ సంగతి మనసులో పెట్టుకుని చదివితే చాలా రాజీనామాలు అర్థమవుతాయి.

1980ల మొదట్లో కై హాన్సెన్, పీట్ సీల్క్ అనే ఇద్దరు హాంబర్గ్ కుర్రాళ్ళకు జెంట్రీ అనే చిన్న బృందం ఉండేది. బేస్ గిటార్ వాయించడానికి మార్కుస్ గ్రోస్‌కోఫ్, డ్రమ్స్‌కు ఇంగో ష్విష్టెన్‌బర్గ్ వచ్చి చేరారు. బృందం పేరు ముందు సెకండ్ హెల్ అయింది, తర్వాత ఐరన్ ఫిస్ట్ అయింది. సీల్క్ సౌండ్ ఇంజినీరింగ్ వైపు వెళ్ళిపోయాడు. పవర్‌ఫూల్ అనే మరో స్థానిక బృందం నుంచి మైఖేల్ వైకాత్ గిటార్‌తో వచ్చాడు. 1984కల్లా హెలోవీన్ అన్న పేరు ఖాయమైంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు అందులోని 'ఓ' స్థానంలో పళ్ళికిలించే గుమ్మడికాయను పెట్టారు. నలభై ఏళ్ళు దాటినా ఒక్కరోజు కూడా సెలవు తీసుకోని సభ్యుడు ఆ గుమ్మడికాయే.

అంటే రికార్డు ఒక్కటి కూడా రాకముందే ఒకరు పోయి ఇంకొకరు వచ్చారు. సీల్క్‌ను ఇక్కడే వదిలేయకూడదు. అతను 1996లో ఐరన్ సేవియర్ పెడితే, గిటార్ పట్టుకుని వెళ్ళింది పాత మిత్రుడు హాన్సెనే. ఈ కథలో వీడ్కోళ్ళు ఇలాగే ఉంటాయి. మనిషి ఈ గుమ్మంలోంచి బయటికి పోయి పక్కవీధిలో తేలతాడు.

బెర్లిన్‌లో పంక్ రికార్డులు వేసుకునే కార్ల్ ఉల్రిక్ వాల్టర్‌బాఖ్ అప్పుడే నాయిస్ రికార్డ్స్ అన్న మెటల్ సంస్థ పెట్టాడు. నాలుగు కొత్త బృందాల పాటలు కలిపి 1984లో ఒక సంకలనం విడుదల చేశాడు. అందులో హెలోవీన్‌వి రెండు పాటలు. ఒకటి వైకాత్ రాసింది, రెండోది హాన్సెన్ రాసింది. చెరొకటి. తర్వాత జరగబోయేదంతా ఆ చెరొకటిలోనే ఉంది.

మరుసటి ఏడాది ముందు ఒక చిన్న రికార్డు, తర్వాత 'వాల్స్ ఆఫ్ జెరికో' అనే పూర్తి ఆల్బమ్ వచ్చాయి. నిర్మాత హారిస్ జాన్స్, స్టూడియో బెర్లిన్‌లోని మ్యూజిక్‌ల్యాబ్. నలుగురే మనుషులు. గిటార్ వాయిస్తూనే పాడేది హాన్సెన్. వేగం చూస్తే అమెరికా త్రాష్ బృందాలతో పోటీ పడేలా ఉంటుంది, రాగాలేమో జోలపాటల్లా నోటికి తగులుకుంటాయి. అయితే అంత జోరు గిటార్ వాయిస్తూ అంత హెచ్చు స్థాయిలో పాడటం, అదీ రాత్రి తర్వాత రాత్రి, హాన్సెన్‌కు భారమైంది. నేను గిటార్ చూసుకుంటాను, పాడేవాణ్ణి వెతుకుదాం అన్నది అతనే. గాయకుడు తన కుర్చీ తానే ఖాళీ చేసి ఇంకొకరిని కూర్చోబెట్టిన సందర్భాలు రాక్ చరిత్రలో ఎక్కువ ఉండవు.

దొరికినవాడు మైఖేల్ కిస్కే. 1968లో పుట్టిన హాంబర్గ్ కుర్రాడు, ఇల్ ప్రాఫెసీ అనే బడి వయసు బృందంలో పాడుతుండేవాడు. 1986లో చేరేనాటికి పద్దెనిమిదేళ్ళు. ఎల్విస్ ప్రెస్లీ అంటే ప్రాణం. గొంతు ఎంత పైకి వెళ్ళినా అరుపులా వినబడదు, గాజులా పలుకుతుంది. ఇలాంటి గొంతు వచ్చి చేరడంతో పాటలు రాసేవాళ్ళకు రెక్కలు వచ్చాయి.

'కీపర్ ఆఫ్ ద సెవెన్ కీస్' కోసం బృందం రెండు డిస్కుల ఆల్బమ్ వేద్దామంది. నాయిస్ ఒప్పుకోలేదు. దాంతో మొదటి భాగం 1987లో, రెండోది 1988లో వచ్చాయి. వ్యాపారం లెక్కతో తీసుకున్న ఆ నిర్ణయం వల్ల లోపలి పోటీ రెండు అట్టల మీద విడివిడిగా కనబడిపోయింది. మొదటి భాగం రికార్డింగ్ సమయంలో వైకాత్ ఆరోగ్యం బాగాలేదు. గిటార్లలో ఎక్కువ భాగం, పాటల్లో ఎక్కువ భాగం హాన్సెన్‌వే. 13 నిమిషాల 'హాలోవీన్' అనే పెద్ద పాట కూడా అతనిదే. రెండో భాగానికి వచ్చేసరికి తక్కెడ అటు మొగ్గింది. 'ఈగిల్ ఫ్లై ఫ్రీ', 'డాక్టర్ స్టైన్', దాదాపు అంతే పొడవున్న 'కీపర్' పాట, అన్నీ వైకాత్ రాసినవి. నువ్వు పదమూడు నిమిషాలు రాస్తే నేనూ పదమూడు నిమిషాలు రాస్తాను అన్నట్టుంటుంది వరస.

'ఈగిల్ ఫ్లై ఫ్రీ'ని ఒకసారి దగ్గర్నుంచి వినాలి. రెండు గిటార్లు ఒకే రాగాన్ని రెండు స్థాయుల్లో జంటగా వాయిస్తూ పోతాయి. కింద ఇంగో రెండు పాదాలతో రెండు పెడళ్ళు తొక్కుతూ బేస్ డ్రమ్‌ను ఆగకుండా మోగిస్తుంటాడు. మధ్యలో గిటార్లు తమ వంతు వాయించాక బేస్ గిటార్‌కు వంతు, ఆపైన డ్రమ్స్‌కు వంతు వస్తాయి, కచేరీలో తని ఆవర్తనం విడిచిపెట్టినట్టు. గ్రోస్‌కోఫ్ వేళ్ళు ఆ కొద్ది క్షణాల్లో చేసే పని విని ఎంతమంది కుర్రాళ్ళు బేస్ కొనుక్కున్నారో! ఇటలీ, ఫిన్లాండ్, బ్రెజిల్ దేశాల్లో తర్వాత పదేళ్ళు పవర్ మెటల్ పేరుతో వచ్చిన బృందాల్లో చాలావాటికి ఈ పాటే ఓనమాలు.

1988 ఆగస్టు 20న ఇంగ్లండ్‌లోని డానింగ్టన్ మైదానంలో జరిగిన మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ ఉత్సవంలో మొదటి ప్రదర్శన హెలోవీన్‌ది, చివరిది ఐరన్ మెయిడెన్‌ది. లక్ష దాటిన జనం. అదే రోజు గన్స్ ఎన్ రోజెస్ వాయిస్తుండగా జరిగిన తొక్కిసలాటలో ఇద్దరు యువకులు చనిపోయారు. హెలోవీన్ జీవితంలో అతి పెద్ద రోజుల్లో ఒకటి అలా విషాదంతో ముడిపడిపోయింది.

అప్పటికే హాన్సెన్ విసిగిపోయి ఉన్నాడు. తెరిపి లేని పర్యటనలు, దెబ్బతిన్న ఆరోగ్యం, లోపలి కీచులాటలు, నాయిస్ సంస్థ లెక్కల మీద అసంతృప్తి, అన్నీ కలిశాయి. రెండో 'కీపర్'లో అతను రాసిన పాటల్లో పెద్ద హిట్ 'ఐ వాంట్ అవుట్'. నాకు బయటపడాలని ఉందని చెప్పే పాట. అది సింగిల్‌గా మార్కెట్లో ఉండగానే, ఏడాది తిరక్కుండా రాసినవాడు నిజంగానే బయటికి నడిచాడు. పాట రాసినప్పుడు అతని ఉద్దేశం ఇది కాకపోవచ్చు. అభిమానులకు మాత్రం అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేకపోయింది.

వెళ్ళిన హాన్సెన్ 1989లో గామా రే పెట్టాడు. టైరన్ పేస్ బృందంలో పాడే రాల్ఫ్ షీపర్స్‌ను గాయకుడిగా తెచ్చుకున్నాడు. 1994 ప్రాంతంలో షీపర్స్ వెళ్ళిపోయాక హాన్సెన్ మళ్ళీ మైకు ముందుకు వచ్చాడు. ఏ భారమైతే దించుకోవడానికి కిస్కేని తెచ్చాడో దాన్నే తిరిగి నెత్తికెత్తుకున్నాడు. షీపర్స్ మరికొన్నాళ్ళకు మాట్ సిన్నర్‌తో కలిసి ప్రైమల్ ఫియర్ మొదలుపెట్టాడు. హెలోవీన్‌లో ఒక్క గిటారిస్టు మానేస్తే జర్మనీకి రెండు కొత్త బృందాలు దక్కాయన్నమాట.

హాన్సెన్ స్థానంలోకి రాంపేజ్ అనే బృందంలో వాయించిన రోలాండ్ గ్రాపో వచ్చాడు. బయటివాళ్ళకు అంతగా తెలియని పేరు. కానీ ఇతను పన్నెండేళ్ళు ఉన్నాడు, అంటే పేరు మోసిన హాన్సెన్ మొదటి విడతలో ఉన్నదానికి దాదాపు మూడింతలు. ఈ లెక్క చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

ఆ తర్వాతి కొన్నేళ్ళు కోర్టు కాగితాలతో గడిచాయి. బృందం నాయిస్‌ను వదిలి ఈఎంఐతో ఒప్పందం చేసుకుంది, నాయిస్ దావా వేసింది. 'పింక్ బబుల్స్ గో ఏప్' 1991లో వచ్చినా కొన్ని దేశాల్లో మరుసటి ఏడాది దాకా అమ్మకానికి రాలేదు. పింక్ ఫ్లాయిడ్ అట్టలకు పేరుపడ్డ స్టార్మ్ తోర్గర్సన్ చేత ముఖచిత్రం వేయించారు. చేపను పట్టుకున్న ఓ మహిళ బొమ్మ అది. గుమ్మడికాయలు, మంత్రగాళ్ళ కోసం ఎదురుచూసిన అభిమాని ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

అసలు దెబ్బ 1993లో 'కమీలియన్'తో తగిలింది. ఈ ఆల్బమ్ వెనక అట్ట మీది పేర్లు చదివితే చాలు, లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. మొత్తం పన్నెండు పాటలు. వైకాత్‌వి నాలుగు, కిస్కేవి నాలుగు, గ్రాపోవి నాలుగు. అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నంత కచ్చితంగా ఉంది. కలిసి రాసిన పాట ఒక్కటీ లేదు. ఒకచోట బాకా వాద్యాలు, ఇంకోచోట అకూస్టిక్ గిటార్, మరోచోట పాతకాలపు పాప్. విడిగా వింటే అందులో మంచి పాటలు ఉన్నాయి, వాటిని ఈ రోజుకీ వెనకేసుకొచ్చేవాళ్ళు ఉన్నారు. ఒక్క బృందం చేసిన రికార్డులా మాత్రం వినబడదు. అటు అమెరికాలో గ్రంజ్ గాలి ముదిరిన రోజులు, ఇటు సొంత అభిమానులే మొహం తిప్పుకున్నారు.

అన్నిటికంటే ఘోరంగా నలిగిపోయింది ఇంగో. ఎప్పుడూ నవ్వు మొహమే కాబట్టి అతన్ని మిస్టర్ స్మైల్ అనేవారు. మత్తు పదార్థాలు, దానికి తోడు స్కిజోఫ్రీనియా. గ్రాపో 'కమీలియన్'లో రాసిన ఒక పాట తోటివాడి వ్యసనం గురించే. జపాన్ పర్యటనలో హిరోషిమాలో ఇంగో కుప్పకూలాడు. చికిత్సకు అతను సహకరించడం లేదని చివరికి బృందంలోంచి పంపించేశారు. పర్యటన మిగిలిన భాగానికి రిచీ అబ్దెల్ నబీ అనే అతను డ్రమ్స్ వాయించాడు. ఆ ఏడాది చివర్లో కిస్కేనీ తీసేశారు. వైకాత్‌కూ అతనికీ అప్పటికి మాటలు దాదాపు లేవు. ఈఎంఐ కూడా చేతులు దులుపుకుంది.

తప్పెవరిదని అడిగితే? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే అలవాటు ఈ బృందంలో ఎవరికీ లేదు. ఎవరికి వారు పక్కవాడి భుజం వైపు చూశారు. ఇరవై ఏళ్ళ పాటు ఇంటర్వ్యూల్లో ఇదే తంతు.

1993 చివర చూసినవాళ్ళు ఇక గుమ్మడికాయ కొట్టేసినట్టే అనుకున్నారు. ఐదుగురిలో మిగిలింది ముగ్గురు. గాయకుడు లేడు, డ్రమ్మర్ లేడు, కంపెనీ లేదు. అప్పుడు కార్ల్స్‌రూహె నుంచి ఆండి డేరిస్ వచ్చాడు. పింక్ క్రీమ్ 69 అనే హార్డ్ రాక్ బృందం గాయకుడు, అక్కడ తనకూ సహచరులకూ పొసగడం లేదు. డ్రమ్స్‌కు ఊలీ కుష్ వచ్చాడు. అతను అంతకుముందు వాయించింది ఎక్కడనుకున్నారు? హాన్సెన్ గామా రేలో.

డేరిస్ గొంతు కిస్కే గొంతు కాదు. కొంచెం గరుకు, కొంచెం కిందిస్థాయి. వేదిక మీద పాత పాటలు పాడటానికి అవస్థపడ్డాడు, దానికి మాటలూ పడ్డాడు. అయితే అతను తెచ్చినది గొంతు ఒక్కటే కాదు, పాటల సంచీ తెచ్చాడు. 1994 నాటి 'మాస్టర్ ఆఫ్ ద రింగ్స్'లో డేరిస్ రాసినవి, సహచరులతో కలిసి రాసినవి బృందాన్ని నిలబెట్టాయి. పాటలు రాయగల గాయకుడు కాబట్టే అతను నిలిచాడని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గొంతు పోలికల పోటీ పెట్టి, అచ్చం కిస్కేలా పాడేవాణ్ణి తెచ్చుకుని ఉంటే 1996 చూసేవాళ్ళు కాదు.

1995 మార్చి 8న ఇంగో ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 29. మరుసటి ఏడాది హెలోవీన్ తన 'ద టైమ్ ఆఫ్ ద ఓత్' ఆల్బమ్‌ను అతనికి అంకితమిచ్చింది. గామా రే 1995 నాటి 'ల్యాండ్ ఆఫ్ ద ఫ్రీ'లో హాన్సెన్ అతన్ని తలచుకుంటూ ఒక పాట పెట్టాడు. అదే ఆల్బమ్‌లో కిస్కే అతిథిగా వచ్చి ఒక పాట పాడాడు. విడిపోయిన రెండు ఇళ్ళూ ఒకే మనిషికి విడివిడిగా దినాలు చేసినట్టయింది.

తొంభైల రెండో సగం ప్రశాంతంగా గడిచింది. 'బెటర్ దాన్ రా'లో కుష్ డ్రమ్స్‌తో పాటు పాటల రచనలోనూ పెద్ద చెయ్యి అందుకున్నాడు. 2000లో వచ్చిన 'ద డార్క్ రైడ్'కు రాయ్ జీ, చార్లీ బావర్‌ఫైండ్ నిర్మాతలు. గిటార్ల శ్రుతి దించి, రంగు నలుపు చేసిన ఆల్బమ్. విమర్శకులు మెచ్చుకున్నారు. వైకాత్‌కు ఆ చీకటి మింగుడుపడలేదు. మరోపక్క గ్రాపో, కుష్ కలిసి సొంతంగా ఇంకో బృందం కట్టే పనిలో ఉన్నారు. 2001లో ఇద్దర్నీ తీసేశారు. వాళ్ళు కట్టుకున్నదే మాస్టర్‌ప్లాన్, నార్వే గాయకుడు యోర్న్ లాండేతో. 2003లో వచ్చిన దాని మొదటి ఆల్బమ్‌లో ఒక పాటకు అతిథి గొంతు ఇచ్చింది మళ్ళీ కిస్కేనే! హెలోవీన్ గెంటేసినవాళ్ళందరికీ ఒక సంఘం ఉన్నట్టు, దానికి అతను శాశ్వత అతిథి అయినట్టు ఉంటుంది.

గ్రాపో స్థానంలో వచ్చిన సాషా గెర్స్ట్‌నర్‌కు అప్పటికి పాతికేళ్ళు. ఫ్రీడమ్ కాల్ అనే బృందం నుంచి వచ్చాడు. ఆ బృందం పెట్టినవాళ్ళలో ఒకడు డాన్ జిమ్మర్‌మన్, అప్పటి గామా రే డ్రమ్మర్. దారులన్నీ హాన్సెన్ ఇంటి ముందునుంచే పోతాయి.

గిటారిస్టు కుదిరాడు గానీ డ్రమ్మర్ల దగ్గర పెద్ద తిప్పలు వచ్చిపడ్డాయి. మెటాలియం నుంచి వచ్చిన మార్క్ క్రాస్ 2003 నాటి 'రాబిట్ డోంట్ కమ్ ఈజీ' రికార్డింగ్ మధ్యలో జబ్బుపడ్డాడు. ఎప్స్‌టైన్ బార్ వైరస్, మంచం మీంచి లేవనివ్వని నీరసం. స్టూడియో తేదీలు ఆగవు. మోటర్‌హెడ్ డ్రమ్మర్ మిక్కీ డీ వచ్చి ఆల్బమ్‌లో ఎక్కువ భాగం వాయించి వెళ్ళాడు. ఆ పర్యటనకు ష్టెఫాన్ ష్వార్జ్‌మన్ వచ్చాడు. ఆక్సెప్ట్, రన్నింగ్ వైల్డ్ బృందాల్లో వాయించిన దిట్ట. అయినా హెలోవీన్ పాత పాటల డబుల్ బేస్ అతని తరహా కాదు. నిమిషానికి 180 బీట్ల వేగం, ఒక్కో బీట్‌కు పాదాలతో నాలుగు దెబ్బలు అనుకుంటే నిమిషానికి 720 దెబ్బలు. అలా రెండు గంటల ప్రదర్శన. ఇంగో ఇరవై దాటీదాటని వయసులో వేసి పెట్టిపోయిన పరీక్ష అది, వచ్చిన ప్రతివాడూ రాయాల్సిందే. ష్వార్జ్‌మన్ 2005లో తప్పుకున్నాడు. రాహెడ్ రెక్స్ నుంచి వచ్చిన డానీ లోబ్లే ఆ పరీక్ష పాసయ్యాడు, ఇప్పటికీ అతనే.

అక్కడినుంచి పదకొండేళ్ళు చెప్పుకోవడానికి కొట్లాటలేమీ లేవు. వైకాత్, గ్రోస్‌కోఫ్, డేరిస్, గెర్స్ట్‌నర్, లోబ్లే ఐదు ఆల్బమ్‌లు చేశారు, ప్రపంచమంతా తిరిగారు. డేరిస్ స్పెయిన్ దీవి టెనెరీఫెలో కాపురం పెట్టి అక్కడే స్టూడియో కట్టుకుంటే, ఆల్బమ్‌లు చాలావరకు అక్కడే తయారయ్యాయి. 2007–08లో గామా రేతో కలిసి పర్యటనకు వెళ్ళినప్పుడు చివరి పాటలకు హాన్సెన్ వచ్చి కలిసేవాడు. జనం గోల పెట్టేవారు. తలుపు ఓరగా తెరుచుకుంది.

ఇంత కాలం కిస్కే ఏం చేశాడు? మెటల్ అంటేనే విరక్తి అన్నాడు. 1996లో 'ఇన్‌స్టంట్ క్లారిటీ' అనే సొంత ఆల్బమ్ వేశాడు, అందులో హాన్సెన్ గిటార్ వాయించాడు. టోబియాస్ సామెట్ 2001లో చేసిన 'ద మెటల్ ఒపేరా' అనే ఆవంటేసియా ఆల్బమ్‌లో పాడి, అట్ట మీద సొంత పేరు వద్దని ఎర్నీ అని వేయించుకున్నాడు. ఆ గొంతును గుర్తుపట్టలేని మెటల్ అభిమాని ఉంటాడా? ఆ సామెట్టే తర్వాత అతన్ని మెల్లగా వేదికల మీదికి లాక్కొచ్చాడు. ఆపై యూనిసోనిక్ వచ్చింది. కిస్కే అందులో గాయకుడు. బేస్ వాయించే డెన్నిస్ వార్డ్, డ్రమ్మర్ కోస్టా జాఫిరియూ ఒకప్పుడు పింక్ క్రీమ్ 69లో డేరిస్ సహచరులు. 2011లో హాన్సెన్ కూడా వచ్చి చేరాడు. అంటే హెలోవీన్ పాత గాయకుడు, హెలోవీన్ కొత్త గాయకుడి పాత స్నేహితులతో కలిసి, హెలోవీన్‌ను పెట్టినవాడి పక్కన నిలబడి పాడుతున్నాడు. రాజీకి ఇంతకంటే మధ్యవర్తులు ఎక్కడ దొరుకుతారు?

2016 నవంబరులో ప్రకటన వచ్చింది. హాన్సెన్, కిస్కే తిరిగొస్తున్నారు. డేరిస్ పోతున్నాడని చాలామంది అనుకున్నారు, ఎందుకంటే ఇలాంటి పునఃకలయికల రివాజు అదే. పాతవాడు వస్తే మధ్యలో వచ్చినవాడు సామాను సర్దుకోవాలి. ఇక్కడ ఎవరూ పోలేదు. ఏడుగురు. ముగ్గురు గిటారిస్టులు, పాడేవాళ్ళు ముగ్గురు. పంప్కిన్స్ యునైటెడ్ పేరుతో 2017 అక్టోబరు 19న మెక్సికోలోని మాంటెరేలో మొదలైంది పర్యటన. దాదాపు మూడు గంటల ప్రదర్శన. హాన్సెన్ రాసిన 13 నిమిషాల 'హాలోవీన్'తోనే తెర లేచేది, కిస్కే, డేరిస్ పంచుకుని పాడేవారు. తన కాలంలో పుట్టని డేరిస్ పాటలను కిస్కే, డేరిస్ పక్కన నిలబడి పాడాడు. తొలి ప్రదర్శనల్లోనే కిస్కే గొంతు దెబ్బతింటే ఎలాగో నెట్టుకొచ్చారు. మధ్యలో పెద్ద తెర మీద పాత వీడియోలో ఇంగో డ్రమ్స్ వాయిస్తుంటే, కింద లోబ్లే అతనితో జుగల్బందీ కట్టేవాడు. అభిమానులు కళ్ళు తుడుచుకున్నది అక్కడే.

పర్యటన కాబట్టి సరిపోయింది, స్టూడియోలోకి వెళ్తే మళ్ళీ పాటల పంపకాలు మొదలవుతాయని భయపడ్డవాళ్ళు ఉన్నారు. 2021 జూన్ 18న వచ్చిన ఆల్బమ్ పేరు 'హెలోవీన్', అంతే. ఇందులో వైకాత్, డేరిస్, గెర్స్ట్‌నర్, గ్రోస్‌కోఫ్ పాటలు ఉన్నాయి. హాన్సెన్ రాసింది ఒక్కటే పెద్ద పాట, 12 నిమిషాల 'స్కైఫాల్'. మళ్ళీ ఆ పొడవే! అందులో ముగ్గురూ పాడారు. కిస్కే ఒక్క పాటా రాయలేదు, ఇతరులు రాసినవి పాడాడు. 1993లో కచ్చితంగా నాలుగు వాటా పడిన మనిషి ఈసారి వాటా అడగలేదన్నది ఈ పునఃకలయికలో జనం అంతగా గమనించని విషయం. నిర్మాతలు బావర్‌ఫైండ్, డెన్నిస్ వార్డ్. లోబ్లే వాయించింది 'కీపర్' రోజుల్లో ఇంగో వాడిన డ్రమ్ సెట్ మీద. హెలోవీన్ చరిత్రలో మొదటిసారి జర్మనీ ఆల్బమ్ చార్టుల్లో ఒకటో స్థానం దక్కింది. 1988లో కూడా దక్కనిది అది.

అయితే ఏడుగురి ఫోటోను చూసి ఇల్లంతా ఒక్కటైందని రాసేస్తే పొరపాటు. గ్రాపో అందులో లేడు, కుష్ లేడు. గ్రాపో పేరు ఏడు ఆల్బమ్‌ల మీద ఉంది. చేతిలో కంపెనీ, గాయకుడు లేని రోజున కూడా బృందంతో నిలబడినవాడు. 'మాస్టర్ ఆఫ్ ద రింగ్స్' నుంచి 'డార్క్ రైడ్' దాకా బృందానికి రెండో జీవితం ఇచ్చిన పాదాలు కుష్‌వి. పంప్కిన్స్ యునైటెడ్ అన్న పేరులోని యునైటెడ్‌కు వీళ్ళు చేరలేదు. వేదిక మీద నాలుగో గిటార్‌కు చోటు లేదు, రెండో డ్రమ్మర్ అక్కర్లేదు అంటే లెక్క సరిపోతుంది. కానీ మనసులో లెక్క వేరేగా ఉండి ఉంటుంది. గ్రాపో స్లొవేకియాలో స్థిరపడి సొంత స్టూడియోలో ఇతరుల రికార్డులు తయారు చేస్తూ, మాస్టర్‌ప్లాన్ నడుపుకుంటున్నాడు.

ఏడుగురి రెండో ఆల్బమ్ 'జెయింట్స్ అండ్ మాన్‌స్టర్స్' 2025 ఆగస్టు 29న వచ్చింది. ఈ మధ్యలో 2023లో టోక్యో బుడోకాన్‌లో వాయించిన కచేరీ కూడా రికార్డుగా బయటికొచ్చింది. మొదటి రికార్డు నుంచి ఈ రోజు దాకా ప్రతి ఆల్బమ్ మీదా పేరున్నవాళ్ళు ఇద్దరే, వైకాత్, గ్రోస్‌కోఫ్. వైకాత్ గురించి పుస్తకాలు పట్టేంత వివాదం ఉంది. గ్రోస్‌కోఫ్ గురించి ఒక్క కొట్లాట కథ కూడా దొరకదు. ఇంతమంది వచ్చిపోయిన చోట నలభై ఏళ్ళు బేస్ వాయిస్తూ ఎవరితోనూ మాట పట్టింపు తెచ్చుకోని మనిషి మీద విడిగా ఎవరైనా రాయాలి.

(వచ్చే భాగంలో: జోలింగెన్ పట్టణపు ఆక్సెప్ట్. ఊడో డిర్క్‌ష్నైడర్ వెళ్ళిపోవడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళిపోవడం. 2009లో అమెరికా నుంచి వచ్చిన మార్క్ టోర్నిల్లో.)